పసుపు పిన్ను, పచ్చ పిన్ను: ఇంటి డీవీడీ ప్లేయరుకు ఏ కేబులు?



హోసూరు, కృష్ణగిరి పరిసరాల్లోని చాలా ఇళ్ళలో టీవీ బల్ల సొరుగులోనో, బీరువా పై అరలోనో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో పదీ పదిహేను డిస్కులుంటాయి. ఒకటి పెద్దమ్మాయి పెళ్ళిది. ఒకటి మనవడి పుట్టువెంట్రుకలది. మరొకటి ఊళ్ళో జాతరనాడు ఆడిన వీధి నాటకానిది. ఆ పెళ్ళిలో పాట పాడిన అవ్వ ఇప్పుడు లేదు. ఆమె గొంతు మాత్రం ఆ డిస్కులో ఉంది.

పండుగకు పిల్లలు వచ్చినప్పుడు ఆ డిస్కు పెట్టి చూద్దామనుకుంటాం. తీరా చూస్తే కొత్త టీవీ వెనక పాత పిన్నులకు చోటుండదు. ఉన్నా బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది, లేదా బొమ్మ వచ్చి మాట రాదు. "ప్లేయరు చెడిపోయిందిలే" అనుకుని పాత సామాన్లవాడికి వేసేస్తాం. చాలాసార్లు చెడిపోయింది ప్లేయరు కాదు. కేబులు సరైనది కాదు, లేదా సరైన కేబులు తప్పు చోట దూరింది. అందువల్ల డీవీడీ ప్లేయరుకూ టీవీకీ మధ్య ఏ తీగ వేయాలో, దుకాణంలో ఏమని అడగాలో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

మొదట ఒక చిన్న లెక్క. డీవీడీ 1996 చివర జపానులో బజారుకు వచ్చింది. మన ఇళ్ళకు అంతకు ముందే వీసీడీ వచ్చింది, ఆ తరువాత డీవీడీ చేరింది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ సినిమా వీసీడీలను 28 రూపాయలకు, డీవీడీలను 34 రూపాయలకు అమ్మడంతో తెలుగు సినిమా డిస్కులు మన సంతల దాకా వచ్చాయి. ఆ సంస్థ 2018లో లిక్విడేషన్‌కు వెళ్ళింది. డిస్కులు మాత్రం మన ఇళ్ళలోనే ఉండిపోయాయి. ఇప్పుడు ఈ రెండు రకాల డిస్కుల తేడా వినండి. మన దేశంలో వాడే పాల్ పద్ధతిలో డీవీడీ బొమ్మకు అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. వీసీడీ బొమ్మకు 352, 288 మాత్రమే. అంటే డీవీడీ బొమ్మలో వీసీడీకి నాలుగింతల వివరం ఉంటుంది. ఎంత మంచి కేబులు వేసినా డిస్కులో లేని వివరాన్ని అది తెచ్చిపెట్టలేదు. ఉన్నదాన్ని దారిలో పారబోసుకోకుండా తెచ్చేదే మంచి కేబులు. ఈ ఒక్క మాట గుర్తుంటే దుకాణంలో మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు.

ఇక ప్లేయరు వెనక్కి తిప్పి చూడండి. అక్కడ రకరకాల రంధ్రాలుంటాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

అన్నిటికన్నా మామూలుది పసుపు రంగు రంధ్రం. దీన్ని కాంపోజిట్ అంటారు. కొన్ని పెట్టెల మీద వీడియో అవుట్ అని, కొన్నిటి మీద సీవీబీఎస్ అని రాసి ఉంటుంది. టీవీ బొమ్మలో రెండు రకాల సమాచారం ఉంటుంది. ఎక్కడ వెలుగు, ఎక్కడ చీకటి అన్నది ఒకటి. ఏ రంగు అన్నది రెండోది. పసుపు తీగలో ఈ రెండూ కలిసి ఒకే దారిన పోతాయి. రాగులూ ఆవాలూ ఒకే సంచిలో పోసి పంపి, అక్కడ జల్లించుకోమన్నట్టు ఉంటుంది ఈ పద్ధతి. ఎంత జల్లించినా రాగుల్లో కొన్ని ఆవాలు మిగిలిపోతాయి. అందుకే సన్న గీతల పట్టుచీర తెర మీద కనిపించినప్పుడు లేని రంగులు మెరుస్తాయి. ఎర్రని అక్షరాల అంచుల వెంట చుక్కలు చీమల్లా పాకుతాయి. ఇది టీవీ లోపం కాదు, డిస్కు లోపమూ కాదు. కలిపి పంపినందువల్ల వచ్చినది.

రెండోది ఎస్ వీడియో. గుండ్రని చిన్న రంధ్రం, లోపల నాలుగు సన్నని పిన్నులు పట్టే చోట్లు. ఇందులో వెలుగు ఒక తీగలో, రంగు వేరే తీగలో పోతాయి. రాగులు ఒక సంచి, ఆవాలు ఒక సంచి. పసుపు తీగ కన్నా బొమ్మ శుభ్రంగా ఉంటుంది. పిన్నులు సన్నవి కాబట్టి వంకరగా తోస్తే వంగిపోతాయి. ఇప్పటి టీవీల్లో ఈ రంధ్రం దాదాపు కనిపించదు.

మూడోది కాంపోనెంట్. ఆకుపచ్చ, నీలం, ఎరుపు, ఈ మూడు రంధ్రాలు ఒకే వరుసలో ఉంటాయి. ఆకుపచ్చ తీగలో వెలుగు, మిగతా రెండిటిలో రంగుల వివరం పోతాయి. పాత తీగల్లో దీనికి మించింది మన దుకాణాల్లో లేదు. అయితే ఒక మాట. ఈ మూడూ బొమ్మకే. మాటకు, పాటకు వేరే తీగలు కావాలి. అవి తెలుపు, ఎరుపు. తెలుపు ఎడమ చెవికి, ఎరుపు కుడి చెవికి. చూశారా, అప్పుడు టీవీ వెనక రెండు ఎర్ర రంధ్రాలవుతాయి. ఒకటి బొమ్మది, ఒకటి శబ్దానిది. ఇవి తారుమారైతే బొమ్మ రంగు చెడిపోతుంది, ఒక పక్క స్పీకరు గుర్రుమంటుంది. భయపడనక్కరలేదు. రెండూ మార్చి పెడితే చాలు.

నాలుగోది హెచ్‌డీఎంఐ. ఇది 2003 నుంచి బజారులో ఉంది. పలచగా, వెడల్పుగా, ఒక పక్క కొంచెం సన్నగా ఉండే మూతి. బొమ్మా శబ్దమూ రెండూ ఒకే కేబులులో అంకెల రూపంలో పోతాయి. అంకెలు కాబట్టి దారిలో మసకబారడం ఉండదు. వస్తే పూర్తిగా వస్తుంది. కేబులు మరీ చెడ్డదైతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మ ఆగి ఆగి వస్తుంది. అంతేగాని రంగు వెలిసిపోవడం, బొమ్మ పలచబడటం జరగదు. అందుచేత బంగారు పూత అని, విదేశీ సరుకు అని ఎక్కువ ధర చెప్పే హెచ్‌డీఎంఐ కేబులు కొననవసరం లేదు. రెండు మీటర్ల దూరానికి మామూలు ధర కేబులు ఏ బొమ్మ చూపిస్తుందో, ఖరీదైనదీ అదే చూపిస్తుంది.

మరి మీ ఇంటికి ఏది? ఇది మీ టీవీని బట్టి ఉంటుంది.

2006 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం ఉచిత రంగుల టీవీ పథకం మొదలుపెట్టింది. ఆ పథకంలో ఇచ్చినవి 14 అంగుళాల టీవీలు. అలాంటి చిన్న గాజు గొట్టం టీవీ ఇంకా మీ ఇంట్లో పనిచేస్తూ ఉంటే దానికి పసుపు తీగ చాలు. అంత చిన్న తెర మీద కాంపోనెంట్ వేసినా తేడా కనిపెట్టడం కష్టం. అలాంటి టీవీకి చాలాసార్లు శబ్దానికి ఒకే తెల్ల రంధ్రం ఉంటుంది. అప్పుడు ఎర్ర పిన్ను ఖాళీగా వదిలేయండి. ఒక సంగతి మాత్రం గమనించండి. కొన్ని వీసీడీల్లో ఒక పక్క సంగీతం, ఇంకో పక్క గొంతు విడివిడిగా ఉంటాయి. పాట వినిపించి మాట వినిపించకపోతే రిమోటు మీద ఆడియో అనో, ఎల్ ఆర్ అనో ఉన్న మీట నొక్కి చూడండి.

21 అంగుళాలు, 29 అంగుళాల గాజు టీవీ అయితే, దానికి కాంపోనెంట్ రంధ్రాలుంటే, డీవీడీల కోసం ఆ మూడు తీగల కేబులు వేసుకోండి. పెళ్ళి డిస్కులో చీర అంచులు తేటగా కనిపిస్తాయి.

పలచని ఎల్‌ఈడీ టీవీ అయితే ముందుగా ప్లేయరుకు హెచ్‌డీఎంఐ ఉందేమో చూడండి. ఉంటే ఆలోచించవలసిన పని లేదు, ఒకే కేబులు. ప్లేయరుకు అది లేకపోతే టీవీకి పసుపు రంధ్రం ఉందేమో చూడండి. కొన్ని టీవీల్లో పసుపు, ఆకుపచ్చ రెండు రంగులూ వేసిన ఒకే రంధ్రం ఉంటుంది. రెండు పనులకూ అదే. పసుపు పిన్ను అందులోనే పెట్టి, టీవీ మెనూలో ఏవీ అని ఎంచుకోవాలి. మరికొన్ని టీవీల్లో గుండ్రటి రంధ్రాలేవీ ఉండవు, హెడ్‌ఫోను పట్టేలాంటి ఒక చిన్న రంధ్రం, పక్కన ఏవీ ఇన్ అనే అక్షరాలు ఉంటాయి. దానికి టీవీతోపాటు ఒక జానెడు కేబులు పెట్టెలో వస్తుంది. దాన్ని దయచేసి పారేయకండి. బయట దొరికే అలాంటి కేబుళ్ళు చూడటానికి ఒకేలా ఉన్నా లోపల తీగల వరుస వేరుగా ఉండవచ్చు. అప్పుడు బొమ్మ రాదు, గుర్రుమనే మోత మాత్రం వస్తుంది.

టీవీకి హెచ్‌డీఎంఐ తప్ప ఇంకేమీ లేకపోతే మధ్యలో ఒక చిన్న మార్పిడి పెట్టె కావాలి. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఈ పెట్టెలు రెండు రకాలు. రెండూ ఒకే సైజు, ఒకే రంగు. ఒకటి ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మారుస్తుంది. రెండోది హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మారుస్తుంది. మనకు కావలసింది మొదటిది. అంటే పెట్టె మీద మూడు రంగుల రంధ్రాల పక్కన ఇన్ అని, హెచ్‌డీఎంఐ పక్కన అవుట్ అని ఉండాలి. దానికి కరెంటు కూడా కావాలి. సెల్ ఫోను ఛార్జరు లాంటి 5 వోల్టుల అడాప్టరు సరిపోతుంది. ఒక కొనకు మూడు రంగుల పిన్నులు, ఇంకో కొనకు హెచ్‌డీఎంఐ ఉండి, మధ్యలో ఏ పెట్టే లేని ఉత్త తీగ ఒకటి తక్కువ ధరకు అమ్ముతారు. అది మన పనికి రాదు. ఉత్త తీగ సంకేతాన్ని అంకెలుగా మార్చలేదు.

ఇప్పుడు దుకాణానికి పోదాం. మన సరిహద్దు ప్రాంతంలో ఇది వేరుగా చెప్పుకోవలసిన విషయం. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బస్సెక్కి గంట పోతే కన్నడం. రంగుల పేర్లు చెప్పి పిన్నులు కొనాలి కదా! మన తెలుగులో పచ్చ అన్న మాట రెండు రంగులకూ వాడతాం. పచ్చగడ్డి అంటే ఆకు రంగు. పచ్చకామెర్లు అంటే పసుపు రంగు. తమిళంలో పచ్చై అంటే ఆకు రంగు ఒక్కటే. మీరు పసుపు రంగు మనసులో పెట్టుకుని "పచ్చ పిన్ను వైరు ఇవ్వండి" అంటే దుకాణదారుడు ఆకుపచ్చ, నీలం, ఎరుపు ఉన్న కేబులు ఇస్తాడు. ఆయన తప్పు లేదు. మీ టీవీకి అది పట్టదు. అందువల్ల పసుపు కావాలంటే తమిళంలో మంజళ్ అని, కన్నడంలో హళది అని అడగండి. ఎరుపు తమిళంలో సివప్పు, కన్నడంలో కెంపు. తెలుపు తమిళంలో వెళ్ళై, కన్నడంలో బిళి. అంతకన్నా మంచి ఉపాయం ఒకటుంది. టీవీ వెనక భాగాన్నీ ప్లేయరు వెనక భాగాన్నీ సెల్ ఫోనులో ఫొటో తీసుకుని పోయి చూపించండి. ఫొటోకు ఏ భాషైనా ఒకటే. హోసూరులో దొరకని పాత రకం కేబుళ్ళు, ఎస్ వీడియో వంటివి కావాలంటే బెంగళూరు ఎస్పీ రోడ్డులో వెతకవచ్చు.

కేబులు కొనేటప్పుడు పొడవు చూసుకోండి. ప్లేయరు టీవీ కిందనే ఉంటే ఒకటిన్నర మీటరు చాలు. పాత రకం తీగలు పొడవు పెరిగేకొద్దీ బొమ్మను మసకబారుస్తాయి. మిగిలిన తీగను బిగించి చుట్టి కట్టవద్దు, కరెంటు తీగలతో కలిపి పెనవేయవద్దు. పసుపు తీగకు 75 ఓములని రాసి ఉన్నది మేలు. అత్యవసరమైతే తెలుపు, ఎరుపు తీగతో కూడా బొమ్మ వస్తుంది, ఎందుకంటే పిన్ను ఆకారం ఒకటే. రంగులన్నవి మన గుర్తు కోసమే. పిన్ను తొడుగు వదులుగా ఉంటే బొమ్మ వణుకుతుంది. రంధ్రంలో గట్టిగా కూర్చునేదాన్ని ఎంచుకోండి.

కేబులు సరిగ్గా పెట్టినా బొమ్మ రాలేదా? టీవీ రిమోటులో సోర్స్ అనో, ఇన్‌పుట్ అనో ఉండే మీట నొక్కి ఏవీ, కాంపోనెంట్, హెచ్‌డీఎంఐలలో మీరు తీగ పెట్టినదాన్నే ఎంచుకోండి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి. బొమ్మ నలుపు తెలుపులో వస్తే రెండు కారణాలు చూడాలి. పసుపు పిన్ను ఆకుపచ్చ రంధ్రంలో దూరి ఉండవచ్చు, లేదా ప్లేయరు మెనూలో టీవీ పద్ధతి తప్పుగా ఉండవచ్చు. మన దేశానిది పాల్. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. ఆటో అని ఉంటే అది పెట్టండి. ముఖాలు సాగదీసినట్టు లావుగా కనిపిస్తే ప్లేయరు మెనూలో తెర ఆకారం చూడండి. పాత గాజు టీవీకి 4:3, పలచని టీవీకి 16:9. హెచ్‌డీఎంఐలో బొమ్మ వచ్చి మాట రాకపోతే శబ్దం అమరికలో పీసీఎం అని ఎంచుకోండి.

అమెరికాలో ఉన్న బంధువులు పంపిన డిస్కుల గురించి కూడా ఒక మాట. బజారులో అమ్మే సినిమా డీవీడీలకు ప్రాంత సంఖ్య ఉంటుంది. మన దేశానిది 5, అమెరికాది 1. అక్కడ కొన్న సినిమా ఇక్కడి ప్లేయరులో ఆడకపోవచ్చు. ఇంట్లో తీసి రాసుకున్న పెళ్ళి డిస్కులకు మామూలుగా ఈ తాళం ఉండదు. వాటికి ఎన్‌టీఎస్‌సీ అమరిక కుదిరితే చాలు.

ఇక జాగ్రత్తలు. తీగలు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు రెండు పెట్టెలనూ ఆపి, ప్లగ్గు పీకండి. పెట్టె లోహం ముట్టుకుంటే జిల్లుమంటే ఊరుకోకండి. ఎర్తు సరిగా ఉన్న మూడు పిన్నుల సాకెట్టు ఉందేమో ఎలక్ట్రీషియనుకు చూపించండి. వేసవిలో మామిడి కోతకు ముందు మన వైపు ఉరుములు, పిడుగులతో వానలు పడతాయి. మబ్బు పట్టగానే కరెంటు ప్లగ్గుతోపాటు డిష్ తీగ, కేబుల్ టీవీ తీగ కూడా పీకేయండి. కరెంటు ప్లగ్గు ఒక్కటి పీకితే చాలదు. డిష్ తీగ మీదుగా వచ్చే పోటు టీవీని, దానికి కట్టిన ప్లేయరునూ కలిపి కాల్చగలదు.

చివరగా అసలు సంగతి. ఇంట్లో రాసుకున్న డిస్కులు శాశ్వతం కావు. అచ్చు వేసిన సినిమా డిస్కు వేరు, స్టూడియోలో రాసిచ్చిన పెళ్ళి డిస్కు వేరు. రాసిచ్చినదానిలో బొమ్మను పట్టి ఉంచేది ఒక రంగు పొర. ఎండకూ వేడికీ అది వెలిసిపోతుంది. రేకుల ఇంట్లో అటక మీద పెట్టిన డిస్కు తొందరగా పోతుంది. డిస్కు మీద కాగితం అతికించకండి, బాల్ పెన్నుతో గట్టిగా రాయకండి. దుమ్ము తుడిచేటప్పుడు మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవకండి. గుండ్రంగా పడిన గీత బొమ్మ దారి వెంటే సాగి ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఈరోజు ప్లేయరు బతికి ఉంది, కేబులు కుదిరింది, బొమ్మ వచ్చింది. సంతోషం. ఆ సంతోషంలోనే ఇంకో పని చేయండి. డిస్కు నడిపే పరికరం ఉన్న కంప్యూటరులో పెట్టి వీడియో టీఎస్ అనే ఫోల్డరును పూర్తిగా నకలు తీయండి. ఇంట్లో అలాంటిది లేకపోతే ఊళ్ళోని ఫొటో స్టూడియోలో అడగండి. ఒక నకలు ఇంట్లో హార్డ్ డిస్కులో, ఇంకొకటి వేరే ఊళ్ళో ఉన్న కొడుకు దగ్గరో కూతురు దగ్గరో ఉంచండి. ఫైలుకు పేరు, ఊరు, సంవత్సరం రాయండి. బొమ్మలో ఎవరెవరున్నారో తెలిసినవాళ్ళు ఉండగానే ఒక కాగితం మీద రాసిపెట్టండి.

ఎందుకింత శ్రమ అనవచ్చు. 2006లోనే తమిళ అభ్యాస చట్టం వచ్చింది. బడుల్లో ఒకటో తరగతితో మొదలై ఒక్కో తరగతిగా పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళం మన పిల్లలకు అన్నం పెట్టే భాష, బాగా నేర్చుకోవలసిందే. అయితే తెలుగు అక్షరం రాని పిల్లలు ఇప్పుడు మన ఇళ్ళలోనే పెరుగుతున్నారు. వాళ్ళకు పుస్తకం ద్వారా అందని తెలుగు, మాట ద్వారా అందాలి. మన హోసూరు వైపు యాసలో పెళ్ళిపాటలు, వదినా మరదళ్ళ వేళాకోళాలు, పెద్దల దీవెనలు అన్నీ పుస్తకాలకెక్కలేదు. అవి ఆ సంచిలోని డిస్కుల్లో ఉన్నాయి.

కాబట్టి శ్రోతలారా, ఈ ఆదివారం ఆ సంచి దించండి. ప్లేయరు వెనక్కి తిప్పి చూడండి. పసుపు ఉందో, ఆకుపచ్చ ఉందో, హెచ్‌డీఎంఐ ఉందో పిల్లల చేతనే చెప్పించండి. తీగ కలపండి. అవ్వ పాట మొదలవగానే, ఆ పాటకు అర్థమేమిటని మనవరాలు అడుగుతుంది. చెప్పండి.